పొల్లు తీసిన నడకలు

రాచగుట్ట బస్టాండు గేటులో నేల కూత పెట్టింది. పొద్దున పదిన్నర, సంత రోజు. గేటు లోపల ఆరడుగుల మేర పరిచిన నల్ల రబ్బరు నేల అది. దాని మీద కాలు పెట్టకుండా ఎవరూ బస్సెక్కలేరు. కూత పడ్డ మనిషి గంజి ఐలయ్య. నలభై ఆరేళ్ళు, పడమటివాడ ఊరు, మగ్గం పని. ఈ నెలలో అతని మీద కూత పడడం ఇది తొమ్మిదోసారి.

"చేతులెత్తు" అన్నాడు కానిస్టేబులు.

ఐలయ్య చేతులు ఛాతీ దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఎత్తమంటే సగం ఎత్తుతవేంది? లోపలేం పెట్టినవ్?"

"గీడికే వస్తయి సారూ. ఇంకా పైకి రావు. మొన్న గూడ చెప్పిన నీకు."

"మొన్నున్నది నేను గాదు."

"మొన్నున్నాయన గూడ గిదే మాటన్నడు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కానిస్టేబులుకు మండింది. అంగీ విప్పమన్నాడు. మెడ తిరగని, మోచేతులు చాపుకోలేని మనిషి అంగీ విప్పాలంటే ఇంట్లో పెళ్ళాం సాయం పట్టాలి. ఇక్కడ ఎవరు పడతారు? కానిస్టేబులే బల్ల మీది కత్తెర తీసి, వీపు మీద నిలువునా కోసేశాడు. లోపల ఆయుధం లేదు. పక్కటెముకలున్నాయి. సంతకొచ్చిన జనమంతా చూశారు.

గేటు పక్క అద్దాల గదిలో, కంప్యూటరు ముందు కూర్చుని పారిజాత కూడా చూసింది. ఆ నేలను తయారుచేసిన ల్యాబులో ఆమె ఇంజనీరు. ఐలయ్యకు సొంత చెల్లెలు. నాలుగు నెలల రికార్డు తీసుకుపోదామని హైదరాబాదు నుంచి ఆ రోజే మొదటిసారి వచ్చింది. ఉరుక్కుంటూ బయటికి పోయి, తన చున్నీ తీసి అన్న భుజాల మీద కప్పింది.

ఐలయ్య మెడ తిప్పలేడు కాబట్టి మనిషి మొత్తం తిరిగి చూశాడు.

"నీ నేల మంచిగనే పన్జేస్తున్నది చెల్లె" అన్నాడు. చున్నీ తీసి ఆమె చేతిలో పెట్టి, కోసిన అంగీతోనే బస్సెక్కాడు.

ఆ నేల చేసే పని చెప్పడానికి చాలా తేలిక. మనిషి నడుముకు బరువేదైనా దాచి కట్టుకుంటే వెన్ను బిగుస్తుంది. అడుగు కురచవుతుంది. మడమ నేల మీద రెప్పపాటు ఎక్కువ నిలబడుతుంది. బట్టలు దాచినదాన్ని నేల పట్టేస్తుంది. నూటికి తొంభై ఎనిమిది సార్లు సరిగ్గా చెబుతుందని ల్యాబు కాగితం మీద రాసిచ్చింది. ప్రభుత్వ భద్రతా నిధి ఆ కాగితం చూసి కోట్లు పోసింది. ఆ కోట్లు ఎక్కడివంటే, బస్సు టికెట్టుకో రూపాయి. రక్షణ సుంకం. ఐలయ్య కూడా కట్టాడు. తన అంగీ కోయించుకోవడానికి తొమ్మిది సార్లు తనే కట్టాడు.

పారిజాత తిరిగొచ్చి రికార్డు తెరిచింది. నాలుగు నెలల్లో ఆపి వెతికిన మనుషులు పద్దెనిమిది వందలు. దొరికినవి: కల్లు సీసాలు రెండు, సంచిలో కుక్కిన కోడిపుంజు ఒకటి. తుపాకీ లేదు, కత్తి లేదు, టపాకాయ కూడా లేదు. దాని కింద నిధి కార్యాలయం వాళ్ళు రాసిన మాట ఆమె రెండుసార్లు చదివింది. "పరికరం తప్పు రెండు శాతమే. హెచ్చరికలు పదమూడు శాతం. కావున ఈ ప్రాంత ప్రజల్లో దాచి తీసుకెళ్ళే అలవాటు తీవ్రంగా ఉంది. తనిఖీకి ముందే పారేస్తున్నారు. రెండో విడతలో మరో నలభై బస్టాండ్లకు విస్తరించాలి."

నేల తప్పు చేయదు. కాబట్టి మనుషులే చేస్తున్నారు. అదీ లెక్క.

*

మరునాడు ల్యాబులో ఆమె పాత ఫైళ్ళు తవ్వింది. 'పొల్లు' అనే పేరుతో నడకల ఫైలు ఒకటి ఉంది. ఆ పేరు పెట్టింది తనే.

మూడేళ్ళ కిందటి మాట. నేలకు నడకలు నేర్పాలంటే మనుషులు కావాలి. ఎవరు వస్తారు? పారిజాత రబ్బరు చాప చుట్టుకుని సొంతూరు పోయింది. తన మాట మీద ఊరంతా కదిలింది. ఒక్కొక్కరూ ఉత్తగా ఆరు సార్లు, నడుముకు ఐదు కిలోల పట్టీ కట్టుకుని ఆరు సార్లు నడవాలి. పంచాయతీ ఆఫీసు వాకిట్లో ఆ రోజు జాతరలాగా ఉండింది. "పారిజాతమ్మ మమ్ముల పెండ్లిపిల్లల లెక్క నడిపిస్తున్నదే" అని ముసలమ్మలు పరాచికాలాడారు. మూడు వందల పన్నెండు మంది నడిచారు.

అందులో నలభై ఒక్క మంది నడక తేడా పడింది. పట్టీ ఉన్నా లేకున్నా ఒక్కతీరే నడిచారు. నేర్పేటప్పుడు అలాంటివి ఉంటే యంత్రం తికమకపడుతుంది. వడ్లు తూర్పారబట్టి పొల్లు గింజలు తీసినట్టు వాటిని ఏరెయ్యాలి. అది ల్యాబు పని పద్ధతి. పారిజాత నులకమంచం మీద కూర్చుని ఏరేసింది. అన్న నడకను కూడా ఏరేసింది. "ఏందన్నా, పట్టీ కట్టుకోమంటే కట్టుకోకుంట ఆటలాడినవా?" అని కోప్పడింది కూడా. ఆయన "కట్టుకున్న గదనే" అన్నాడు. ఆమె నమ్మలేదు.

హైదరాబాదులో పుట్టిన ఇంజనీరు ఎవరైనా వచ్చి ఉంటే, ఈ ఊరివాళ్ళు ఇలా నడుస్తారేమని మొదటి గంటలోనే అడిగేవాడు. పారిజాత అడగలేదు. అడగాలని తోచలేదు. బోర్లలో ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి వెన్ను కర్రలా బిగిసిపోయిన మనుషుల మధ్యే ఆమె పుట్టింది. తాత అట్లనే నడిచాడు, నాయన అట్లనే నడిచాడు, అన్న అట్లనే నడుస్తున్నాడు. ఆమె కంటికి అది జబ్బు నడక కాదు. నడకే. కట్టని బరువును ఒంట్లో మోస్తున్న మనుషులను తనే ఎంచి, తనే అవతల పారబోసింది. మిగిలినవాళ్ళతో నేర్పించేసరికి నేలకు తొంభై ఎనిమిది మార్కులొచ్చాయి.

ఇప్పుడు ఆ నలభై ఒక్క నడకలనూ తిరిగి లోపల పోసి, యంత్రాన్ని మళ్ళీ మొదటి నుంచి పరీక్షకు పెట్టింది. రెండు గంటలు పట్టింది. తప్పు రెండు కాదు, పదమూడు శాతం.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె నలభై ఒక్క పేర్లూ చదివింది. ఇరవై ఆరుగురు ఐలయ్య లాంటివాళ్ళు, చూస్తేనే తెలుస్తుంది. మిగిలిన పదిహేను మంది నిక్షేపంగా ఉన్నవాళ్ళు. నాట్లేస్తారు, బస్తాలెత్తుతారు. ఏ డాక్టరూ వాళ్ళకు జబ్బుందనలేదు. కానీ నేలకు తెలిసిపోయింది. మూడేళ్ళ కిందటే తెలిసిపోయింది. వాళ్ళ వెన్ను బిగుసుకోవడం మొదలైంది.

ఆ పదిహేనులో ఏడో పేరు గంజి సుగుణ. ఐలయ్య పెళ్ళాం. పారిజాతను పన్నెండేళ్ళప్పటి నుంచి సాకిన వదిన.

*

ల్యాబు పెద్ద డాక్టర్ చిత్తరంజన్ చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే పారిజాత పని సులువయ్యేది. ఆయన కాగితాలన్నీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను మొదట ఏం రాశానో తెలుసా నీకు? ముసలివాళ్ళు పడిపోబోతున్నారని నేల ముందే చెబుతుందని రాశాను. తిప్పి పంపారు. ఎముకల జబ్బు ముందే పట్టేస్తుందని రాశాను. 'ఆసక్తికరం' అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. మూడోసారి 'ముప్పు' అనే మాట చేర్చాను. పంతొమ్మిది రోజుల్లో డబ్బొచ్చింది."

ఆయన చెప్పింది నిజం. మనిషి కాలు నొప్పెడుతోందంటే పైసా రాదు. ఆ కాలు ఎవరినో తన్నబోతోందంటే కోట్లు వస్తాయి. ఆ కోట్ల చుట్టూ కంపెనీలు లేస్తాయి, పరిశ్రమల పార్కులు లేస్తాయి, రిబ్బన్లు తెగుతాయి. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు వాల్వు మాత్రం తుప్పు పట్టే ఉంటుంది.

"సార్, వచ్చే సోమవారం కమిటీ. తప్పుల లెక్క మీద సంతకం నాది."

"రెండు శాతం మీదే పెట్టు. అబద్ధమేం కాదు, అప్పుడు వచ్చిన లెక్క అదే. రెండో విడత రానీ. వచ్చిన డబ్బులోంచే సరిచేద్దాం. నీ ఊరి నడకలు, ఇంకో పది ఊళ్ళ నడకలు కలుపుదాం."

"ఎన్నాళ్ళు పడతది?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళు నలభై బస్టాండ్లల్ల అంగీలు కోస్తరా?"

చిత్తరంజన్ గొంతు పెరిగింది. "ఇరవై రెండు మంది బతుకుతున్నారు ఇక్కడ! ఫయాజ్ నిన్న గాక మొన్న ఇల్లు మారాడు, వాళ్ళావిడకు నెలలు నిండుతున్నాయి. నీ ఒక్క సంతకంతో అందరూ రోడ్డు మీద పడతారు. ఏరేసింది ఎవరు? నేనా? ఆ తప్పు నీది కాదా?"

"నాదే" అంది పారిజాత. "అందుకే సంతకం కూడ నేనే పెట్టాలె."

*

ఆదివారం పొద్దున్నే ఊరు పోయింది. ఐలయ్య మగ్గం మీద ఉన్నాడు. నడుం వంగదు కాబట్టి, గోతిలో కాళ్ళు దింపి నేయాల్సిన గుంట మగ్గం ఎప్పుడో పూడ్చేశాడు. ఎత్తు బల్ల వేసుకుని, దానికి తగ్గట్టు చట్రం తనే కట్టుకున్నాడు. సుగుణ గడప దగ్గర నూలు కండెలు చుడుతోంది.

పారిజాత నిలబడే చెప్పింది. నలభై ఒక్క నడకల సంగతి, ఏరేసిన సంగతి, దాని వల్లనే బస్టాండులో కూత పడుతున్న సంగతి. ఐలయ్య పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపలేదు. మొత్తం విని, దారం తెగితే ముడేసుకుని, అప్పుడన్నాడు.

"దానికేం పేరు వెట్టినవన్నవ్?"

"పొల్లు."

"అంటే నేను పొల్లు గింజనన్నట్టు."

"అన్నా..."

"పట్టీ కట్టుకున్ననని జెప్పిన నీకు. నెత్తి మీద కొట్టినట్టు జెప్పిన. సదువుకున్నదానివి, మిషన్ మాట నమ్మినవ్. అన్న మాట నమ్మలే."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఆయనే ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని కూడా ఆయన నెత్తిన పెట్టదలచుకోలేదు.

సుగుణ కండె పక్కన పెట్టి లేచింది. "నలభై ఒక్క మంది ఎవరెవరు? ముత్తమ్మత్త ఉంటది. కావలి నర్సయ్య ఉంటడు. ఇంకెవరు?" అని వేళ్ళు మడుస్తూ పోయింది. ఇరవై ఆరు దగ్గర ఆగింది. ఊరి మనుషులు ఆమెకు అంత బాగా తెలుసు. "ఇంకా పదిహేను మందేరి?"

పారిజాత వదిన ముఖంలోకి చూసింది.

"నాదున్నదా అండ్ల?"

నాడె ఆగింది. ఐలయ్య మనిషి మొత్తం ఇటు తిరిగాడు.

"ఉన్నది వదినా."

సుగుణ తన చేతులకేసి చూసుకుంది. చేతులెత్తి కొప్పు ముడి విప్పి, మళ్ళీ ముడేసుకుంది. చేతులు బాగానే లేచాయి.

"మూడేండ్ల సంది నీ డబ్బాల వడి ఉన్నదా గీ ముచ్చట?"

"నేను చూసుకోలే వదినా. మొన్ననే చూసిన."

"మూడేండ్ల కింద జెప్తే బోరు నీళ్ళు బంద్ వెట్టుకుంటుంటి. రెండు మైళ్ళయినా పొయ్యి మంచినీళ్ళు తెచ్చుకుంటుంటి. మీ అన్నకు చెయ్యిపట్టాలె, నాకు చెయ్యి పట్టేటోళ్ళెవరు?" వచ్చి పారిజాత ఎదురుగా నిలబడింది. "రేపు మీటింగుల ఏం జెప్తవ్? నాకు జెప్పు. ఈడ నిలవడి జెప్పు. సగం సగం నములుతవ్ నువ్వు."

పారిజాత చెప్పింది. సుగుణ రెండుసార్లు ఆపింది. "గంత పొడుగు మాటలొద్దు. వాళ్ళు నిద్రపోతరు" అంది.

*

కమిటీ అధ్యక్షురాలు అనసూయాదేవి విశ్రాంత పోలీసు అధికారి. పొడుగాటి బల్లకు ఇటు ఏడుగురు, అటు ఇద్దరు. చిత్తరంజన్ పారిజాత పక్కన కూర్చున్నాడు. పారిజాత ఒకే పేజీ ముందు పెట్టింది. తప్పు పదమూడు శాతం, కింద సంతకం. దాని కింద ఇంకో వాక్యం: మొదటి లెక్కలో నలభై ఒక్క మందిని తొలగించింది నేనే.

బల్ల చుట్టూ గుసగుసలు లేచాయి. ఒక సభ్యుడు "ఇది మోసం" అన్నాడు. "కాదండి, పొరపాటు. కానీ ఫలితం ఒక్కటే" అంది పారిజాత. కత్తెర సంగతి చెప్పింది. పద్దెనిమిది వందల మందిలో ఆయుధం ఒక్కటీ దొరకలేదని చెప్పింది. "వాళ్ళు దారిలో పారెయ్యలేదు మేడమ్. పారెయ్యడానికి లేదు. అది వాళ్ళ వెన్నెముక."

అనసూయాదేవి ఆ కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆమె గట్టి మనిషి, గుండె లేని మనిషి కాదు.

"దీనికి మార్గం ఉంది" అంది చివరికి. "ఫ్లోరైడు బాధితులకు డాక్టరు ధ్రువపత్రం మీద కార్డులిద్దాం. పక్కన ఇంకో గేటు పెడదాం. కార్డు చూపించి వెళ్ళిపోతారు. మీ అన్నగారిని ఇక ఎవరూ ముట్టుకోరు. రెండో విడతా ఆగదు, మీ ల్యాబూ ఆగదు. ఏమంటారు?"

బల్ల కింద చిత్తరంజన్ కాలు పారిజాత కాలికి తగిలింది. ఒప్పుకో అని. ఒక్క క్షణం ఆమెకూ ఒప్పుకోవాలనిపించింది. అన్న దర్జాగా బస్సెక్కుతాడు. ఫయాజ్ పిల్ల కొత్తింట్లో పుడుతుంది. ఎవరికీ ఏమీ కాదు.

"మా వదినకు కార్డు ఎవరిస్తారు మేడమ్?"

"ఆమెకేమైంది?"

"ఏం కాలేదు. డాక్టరు కూడా ఏం కాలేదనే రాస్తాడు. ఎక్స్‌రేలో కనబడే సరికి ఐదేళ్ళో పదేళ్ళో పడుతుంది. నేల మాత్రం ఇప్పుడే కూస్తుంది. అన్నేళ్ళూ ఆమె గేటులో నిలబడి రవిక విప్పి చూపించాలా? జబ్బున్నట్టు కాగితం లేదు, ఆయుధం లేనట్టు నమ్మకం లేదు. అసలు నా దేశంలో నేను నడవడానికి కార్డెందుకు?"

"ఆ జబ్బును ముందే పడుతుందంటున్నారు కదా" అన్నాడు చివర కూర్చున్న ఒకాయన, ఆసక్తిగా. "మరి అది..."

"ఈ నిధి నియమాల్లో ఆరోగ్యం లేదు" అని పక్కాయన అతన్ని ఆపాడు.

"లేదు. తెలుసు" అంది పారిజాత. "మనిషిని పట్టుకోవడానికి డబ్బుంది. పట్టుకున్న మనిషికేమైందో చూడ్డానికి లేదు. టికెట్టు రూపాయి వాళ్ళదే, నేల వాళ్ళ మీదే. నా లెక్క పదమూడు. రెండు అని రాసే కాగితం మీద నేను సంతకం పెట్టను. రాచగుట్ట నేల తీసెయ్యండి."

"తీసేస్తే మీ ల్యాబు మూతపడుతుంది."

"తెలుసండి."

"లెక్క తప్పు ఇచ్చినందుకు మీ పేరు కూడా రాయాల్సి వస్తుంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఏ పరిశోధనలోనూ ఐదేళ్ళు మీకు చోటుండదు."

"రాయండి. పేరు గంజి పారిజాత. జాతలో త కు ఒత్తు లేదు."

అనసూయాదేవి ఫైలు మూసింది. రెండో విడత తిరస్కరిస్తూ, వారం రోజుల్లో నేల ఎత్తెయ్యమని రాయించింది. రాయిస్తున్నంతసేపూ పారిజాత వైపు చూడలేదు.

వరండాలో చిత్తరంజన్ అన్నాడు: "ఫయాజ్‌కు నువ్వే చెప్పు. నేను చెప్పను." ఆమె అతనింటికి పోయి చెప్పింది. ఫయాజ్ తిట్టలేదు. "ఒక్క నెల ముందు చెప్పి ఉంటే ఇల్లు మారకపోదునక్కా" అని తలుపేసుకున్నాడు.

*

కమిటీ అయిన తొమ్మిదో రోజున పారిజాత పడమటివాడ బస్సు దిగింది. చేతిలో కాగితం ఒకటి. నడిచినవాళ్ళకు ఫలితం చెబుతామని మూడేళ్ళ కింద ఒప్పంద పత్రాల్లో రాసింది ల్యాబే. ఇన్నాళ్ళూ ఒక్కరికీ చెప్పలేదు. ల్యాబుకు తాళం పడ్డా ఆ మాట రద్దు కాలేదు. పదిహేను పేర్లు. వదినకు చెప్పడం అయింది. పద్నాలుగు గడపలు మిగిలాయి.

మొదటి గడప దొంతుల భారతమ్మది. చెట్టంత మనిషి, ముప్పై కిలోల మూట ఒంటి చేత్తో ఎత్తుతుంది. వాకిట్లో పేడ చల్లుతోంది. పారిజాత గేటు దగ్గర నిలబడిపోయింది. పొడుగు బల్ల ముందు తడబడని నాలుక ఇక్కడ మడతపడింది.

వెనక నుంచి సుగుణ వచ్చింది. కొంగు నడుముకు చెక్కి ఉంది.

"ఏడికి వోతున్నవో మీ అన్న జెప్పిండు. గేటు కాడ నిలవడ్డవేంది?"

"ఎట్ల మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు వదినా."

"నీకు జెప్పరాదు. 'ఫలితం' అంటవ్, 'శాతం' అంటవ్. ఆమె నిన్ను కూసోవెట్టి చాయ్ తాపి తోలుతది." సుగుణ ఆ కాగితం గుంజుకుని పేర్లు చూసింది. "పద్నాలుగు మంది, నాతోని పదిహేను. సర్పంచు కాడికి ఒక్కొక్కలం పోతే ఉరికిస్తడు. పదిహేను మందిమి ఒక్కపారి కలెక్టరాఫీసు మెట్ల మీద కూసుంటే మంచినీళ్ళు ఎట్ల రావో జూస్త. నువ్వు లెక్కలు రాసి పెట్టుకో. మాట నేను జెప్త."

గేటు తోసింది.

"భారతమ్మా, చేతులు గడుక్కోని రా. కూసో. నీకొక ముచ్చట జెప్పాలె. నాకున్నదే నీకు గూడ ఉన్నది."